63 సంతకాలు: పేరు పోయిన ఒక నాయకుడితో పద్నాలుగు నెలల పని

2018 ఫిబ్రవరిలో ఒక సాయంత్రం నెల్లూరులోని నా ఆఫీసుకు ఇద్దరు వచ్చారు. ఒకాయన ప్రకాశం జిల్లా పడమటి వైపు ఒక మండలానికి ఎంపీపీగా చేసి, రెండేళ్ల కిందట రాజీనామా చేసిన నాయకుడు. రెండో మనిషి ఆయన అల్లుడు. కుర్చీలో కూర్చోగానే పెద్దాయన అడిగిన మొదటి మాట: "పేరు బాగుచేసుకోవాలి తమ్ముడూ. ఎన్నాళ్లు పడుతుంది, ఎంతవుతుంది?"

నేను పన్నెండేళ్లు పత్రికలో జిల్లా వార్తలు రాసి, ఆ తర్వాత ఈ పనిలోకి వచ్చాను. నాయకులకు ప్రసంగాలు రాస్తాను, ఎన్నికలప్పుడు ప్రచారం చూస్తాను. ఓడిపోయినవాళ్లు చాలామంది నా దగ్గరికి వస్తారు. ఓటమి పెద్ద జబ్బు కాదు, ఐదేళ్లు ఆగితే సగం దానంతటదే తగ్గుతుంది. పరువు పోయి దిగిపోయినవాళ్ల సంగతి వేరు. వాళ్లు బజారులో నడిచేటప్పుడే తెలిసిపోతుంది, ఎవరి కళ్లలోకీ చూడరు.

ఈ కేసు రాస్తానంటే ఆయన ఒప్పుకున్నారు. ఊరు, మండలం, పార్టీ, పేర్లు రాయకూడదన్నది ఒక్కటే షరతు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఫ్లెక్సీలు, రీల్స్ దగ్గరే ఆగిపోతున్నారని నాకు దిగులు. అందుకే నేను చేసిన తప్పులతో సహా రాస్తున్నాను.

అసలు ఏం జరిగింది

పెద్దాయన ఎంపీపీ కాకముందు ఎనిమిదేళ్లు సొసైటీకి, అంటే ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘానికి ప్రెసిడెంటు. ఆ రోజుల్లో రాయితీ విత్తనాల కోసమని రైతుల దగ్గర పాస్‌బుక్కుల జిరాక్సులు, ఖాళీ ఫారాల మీద సంతకాలు, వేలిముద్రలు తీసుకున్నారు. వాటిలో కొన్నింటి మీద పంట రుణాలు మంజూరయ్యాయి. డబ్బు మాత్రం రైతుకు చేరలేదు. ఏడాది తిరగ్గానే పాత అప్పు తీరినట్టూ, అంతకంటే కొంచెం పెద్ద అప్పు కొత్తగా ఇచ్చినట్టూ రాసేవాళ్లు. నగదు కదలదు, పుస్తకంలో అంకె పెరుగుతూ పోతుంది. దీన్ని బుక్ అడ్జస్ట్‌మెంట్ అంటారు. రైతుకు నోటీసు కూడా రాదు. కాగితం మీద అతను గడువులోగా కడుతున్న మంచి సభ్యుడు మరి.

2014లో రాష్ట్ర ప్రభుత్వం రుణమాఫీ ప్రకటించింది. కుటుంబానికి లక్షన్నర వరకే మాఫీ. జాబితాలు ఊళ్లకు వచ్చాక గుట్టు బయటపడింది. ఎన్నడూ సొసైటీ గడప తొక్కని మనిషి పేరు మీద 70 వేల అప్పు కనిపించింది. పొగాకు సాగుకు నిజంగానే బ్యాంకులో అప్పు తెచ్చుకున్న ఇంకో రైతుకు ఈ దొంగ అప్పు కూడా అతని కుటుంబం లెక్కలోనే పడి, ఆ మేరకు రావలసిన మాఫీ తెగిపోయింది. అప్పు అడగడానికి ఏ బ్యాంకుకు పోయినా సొసైటీ నుంచి నో డ్యూస్, అంటే బాకీ లేదన్న కాగితం, తెమ్మన్నారు. సొసైటీకి పోతే ముందు బాకీ కట్టమన్నారు. తాను తినని అప్పు కట్టలేడు, అది కట్టకపోతే కొత్త అప్పు పుట్టదు.

సహకార చట్టం 51వ సెక్షన్ కింద విచారణ జరిగింది. మొత్తం 63 పేర్లు తేలాయి. 60వ సెక్షన్ కింద సెక్రటరీ మీద, ప్రెసిడెంటు మీద సర్‌చార్జి పడింది, అంటే సొసైటీకి వచ్చిన నష్టం వాళ్లే కట్టాలని. పోలీసు కేసు కూడా నమోదైంది. 2016లో పెద్దాయన ఎంపీపీ పదవికి రాజీనామా చేసి ఇంట్లో కూర్చున్నారు.

"నేనొక్క రూపాయి తినలేదు తమ్ముడూ, అంతా సెక్రటరీ చేశాడు" అన్నారు నాతో. కాగితాలన్నీ చదివాను. డబ్బు ఎక్కువ భాగం సెక్రటరీ చేతి మీదుగానే పోయినట్టుంది. కానీ ప్రతి మంజూరు కింద ప్రెసిడెంటు సంతకం ఉంది. 63 పేర్లు, 63 సంతకాలు. చదివి పెట్టారా, చదవకుండా పెట్టారా అన్నది కోర్టు తేల్చాలి. నేను తేల్చుకోవాల్సింది ఇంకొకటి. ఈయన పేరు ఎవరి దగ్గర పోయింది? ఆ ప్రశ్న మొదటి రోజే వేసుకోవాల్సింది. నాలుగు నెలల తర్వాత వేసుకున్నాను.

మొదటి నాలుగు నెలలు

అందరూ చేసేదే నేనూ చేయించాను. మార్చిలో బస్టాండు దగ్గర చలివేంద్రం. ఆ ప్రాంతంలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, క్యాన్ల నీళ్లు, మజ్జిగ పెడితే జనం గుర్తుంచుకుంటారని లెక్క. పుట్టినరోజుకు సెంటర్లో ఫ్లెక్సీలు. ఒక యూట్యూబ్ ఛానల్‌లో అరగంట ఇంటర్వ్యూ, "కుట్రకు బలైన నాయకుడు" అని దానికి శీర్షిక. ఆ శీర్షిక నేనే రాశాను. ఇప్పుడు తలచుకుంటే బాధగా ఉంటుంది.

ఏప్రిల్ ఆఖరులో కంటి పరీక్షల శిబిరం పెట్టాం. పేర్లు రాసుకునే బల్ల దగ్గర నేనే కూర్చున్నాను. అరవై దాటిన ఒకామె వంతు వచ్చింది. పేరు అడిగితే చెప్పకుండా కొంగుముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి బల్ల మీద పరిచింది. సొసైటీ నుంచి వచ్చిన డిమాండు నోటీసు. మడతల దగ్గర చిరిగిపోతే వెనక టేపు అంటించి ఉంది. "కళ్లకేం కాలా నాయనా. ఈ కాయితంలో నా పేరు ఎందుకుండాదో ఆయన్నడిగి చెప్పు" అంది. వెనక వరుసలో మాటలు ఆగిపోయాయి. పెద్దాయన పదడుగుల దూరంలో శాలువాతో నిలబడి ఉన్నారు. విన్నారు. తల తిప్పుకున్నారు.

ఆ రాత్రికే వాట్సాప్ గ్రూపుల్లో ఆ నోటీసు ఒక పక్క, మా శిబిరం ఫ్లెక్సీ ఒక పక్క పెట్టిన ఫోటో తిరిగింది. రెండేళ్లుగా సద్దుమణిగిన విషయం మళ్లీ టీ బంకుల్లోకి వచ్చింది. దాన్ని తవ్వి తెచ్చింది ఆయన ప్రత్యర్థులు కారు, మా కార్యక్రమమే.

మే అంతా ఆయన నన్ను పిలవలేదు. జూన్‌లో నేనే వెళ్లి, ఆ నెల ఫీజు వద్దని చెప్పి, పన్నెండు పేజీల నోటు చేతిలో పెట్టాను.

నోటులో ఏముంది

పెద్దాయన ఎప్పుడూ ఒక్క ఉదాహరణే చెప్పేవారు: "ఇందిరమ్మ మూడేళ్లలో తిరిగి రాలేదా?" వచ్చారు. 1977 మార్చిలో ఓడిపోయారు. ఆగస్టులో బీహారులోని బెల్చికి, దళితుల్ని ఊచకోత కోసిన ఊరికి, బురదలో బండ్లు కదలకపోతే ఏనుగెక్కి వెళ్లారు. అక్టోబరులో అరెస్టు చేసిన ప్రభుత్వం మర్నాడే వదిలేయాల్సి వచ్చింది. 1978 నవంబరులో చిక్కమగళూరు ఉపఎన్నికలో గెలుపు, 1980 జనవరిలో మళ్లీ ప్రధాని పదవి. అయితే 1977లో దేశమంతా ఆమె పార్టీని తిప్పికొట్టినప్పుడు మన రాష్ట్రంలో 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్సే గెలిచింది. నంద్యాలలో నీలం సంజీవరెడ్డి ఒక్కరే జనతా నుంచి నెగ్గారు. ఎమర్జెన్సీలో బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల దెబ్బ ఉత్తరాదికి తగిలినంతగా మనకు తగల్లేదు. ఉత్తరాదిలో పోయిన పేరు ఇక్కడ పోలేదు. అందుకే 1980లో ఆమె రాయబరేలీతో పాటు మెదక్‌లో కూడా నిలబడి, చివరికి మెదక్‌నే ఉంచుకున్నారు.

నెల్లూరు జిల్లావాళ్లకు నేదురుమల్లి జనార్దనరెడ్డి గారి సంగతి చెప్పనక్కర్లేదు. ప్రైవేటు కళాశాలల అనుమతుల వ్యవహారాన్ని హైకోర్టు తప్పుపట్టడంతో 1992 అక్టోబరులో ముఖ్యమంత్రి పదవి వదులుకున్నారు. తర్వాత 1998లో బాపట్ల, 1999లో నరసరావుపేట, 2004లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు వెళ్లారు. హైదరాబాదులో ఆయన రాజీనామా కథ కాలేజీల కథే. వాకాడు, విద్యానగర్ వైపు వెళ్లి అడగండి, అక్కడ ఆయన గురించి చెప్పే మంచి మాట కూడా కాలేజీల మాటే. ఆ సముద్రతీర పల్లెల్లో ఇంటికొక ఇంజనీరు ఎలా వచ్చాడో అక్కడివాళ్లు చెబుతారు. పత్రికలో పనిచేసే రోజుల్లో ఈ రెండు మాటలూ ఒకే వారంలో విన్నాను. మనిషి పేరు అన్ని చోట్లా ఒకేలా ఉండదని నాకు అర్థమైంది అప్పుడే.

మర్రి చెన్నారెడ్డి గారిది మూడో రకం. ఎన్నికల కేసులో ఓడి 1968లో కేంద్రమంత్రి పదవి పోయింది, ఆరేళ్లు పోటీకి అనర్హత. మరుసటి ఏడాదే తెలంగాణ ఉద్యమానికి నాయకుడయ్యారు, 1971లో ఆయన పార్టీ 10 లోక్‌సభ స్థానాలు గెలిచింది, 1974లో ఉత్తరప్రదేశ్ గవర్నరు, 1978లో ముఖ్యమంత్రి. పాత మరక మీద కొత్త పదవి కప్పుకుంటూ పోయిన దారి ఇది. పెద్దాయనకు మనసులో ఉన్నదీ ఇదే దారి. కానీ దానికి వెనక ఒక ఉద్యమమో, పార్టీ పెద్దల అవసరమో ఉండాలి. మాజీ ఎంపీపీ కోసం ఎవరూ గవర్నరు బంగళా ఖాళీ చేయరు.

నిక్సన్ గురించి అల్లుడు అడిగితే రాశాను. వాటర్‌గేట్ కుంభకోణంలో తన ఆఫీసు మాటల టేపులు బయటపడి 1974 ఆగస్టులో అమెరికా అధ్యక్ష పదవికి రాజీనామా చేశాక, 1977లో టీవీ పాత్రికేయుడు డేవిడ్ ఫ్రాస్ట్‌కు ఇంటర్వ్యూలిచ్చారు, వాటికి 6 లక్షల డాలర్లు తీసుకున్నారు. వాటిలోనే స్నేహితుల్ని, దేశాన్ని నిరాశపరిచానని ఒప్పుకున్నారు. పుస్తకాలు రాశారు. విదేశాంగ వ్యవహారాల్లో పెద్దమనిషిగా నిలబడ్డారు. 1994లో పోయినప్పుడు అప్పటి అధ్యక్షుడు క్లింటన్ వచ్చి, ఆయన్ని మొత్తం జీవితం బట్టి చూడాలి అన్నారు. ఇంత జరిగినా, 1990లో ప్రైవేటు డబ్బుతో కట్టిన ఆయన సొంత లైబ్రరీ 2007లో జాతీయ ఆర్కైవ్స్ చేతికి వెళ్లింది, 2011లో అదే గోడల మధ్య వాటర్‌గేట్ కథను పూర్తిగా చెప్పే కొత్త ప్రదర్శన పెట్టారు. కాగితం ఎక్కడికీ పోదు. మనకు 51వ సెక్షన్ విచారణ నివేదిక ఎలాగో ఆయనకు ఆ టేపులు అలాగ.

పెద్దాయన ఈ పేజీలన్నీ వేగంగా తిప్పేశారు. ఆగింది ఒక్క పేజీ దగ్గరే. బ్రిటన్ మంత్రి జాన్ ప్రొఫ్యూమో. ఒక యువతితో సంబంధం గురించి పార్లమెంటుకు అబద్ధం చెప్పి, 1963 జూన్‌లో రాజీనామా చేశాడు. తూర్పు లండన్‌లో పేదల కోసం పనిచేసే టాయిన్‌బీ హాల్ అనే సంస్థకు వెళ్లి, జీతం లేకుండా పని అడిగాడు. మొదట్లో గిన్నెలు తోమాడు, మరుగుదొడ్లు కడిగాడు. తర్వాత దాదాపు నలభై ఏళ్లు అక్కడే ఉండి ఆ సంస్థకు చందాలు పోగుచేశాడు. మళ్లీ ఎన్నికల్లో నిలబడలేదు. ఆ పాత విషయం గురించి చనిపోయేదాకా బహిరంగంగా నోరు విప్పలేదు. 1975లో ప్రభుత్వమే బిరుదు ఇచ్చింది.

"మంత్రి చేసినాయన మరుగుదొడ్లు కడిగాడా?" అన్నారు పెద్దాయన. కళ్లజోడు తీసి పక్కన పెట్టారు. ఆయన వెనక గోడకు ప్రకాశం పంతులు గారి ఫోటో ఉంది, ప్రకాశం జిల్లాలో చాలా ఇళ్లలో ఉన్నట్టే. పంతులుగారి ప్రభుత్వం 1954లో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. 1957లో పోయేనాటికి ఆయన దగ్గర ఆస్తి లేదు. ఒంగోలు జిల్లాకు 1972లో ఆయన పేరు పెట్టారు. ఆ ఫోటో వైపు చూపించి, "అన్నా, ఆయనకు పదవే పోయింది. మీకు పేరు పోయింది. రెండింటికీ ఒకే మందు కాదు" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సరే, ఆ 63 మంది ఎవరెవరో చూడు" అన్నారు.

జాబితా

సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి విచారణ నివేదిక నకలు తెప్పించాం. ఊళ్లోని ఇద్దరు డిగ్రీ పిల్లల్ని, సొసైటీలో పనిచేసి మానేసిన ఒక గుమస్తాను తీసుకుని ఇల్లిల్లూ తిరిగాను. నెలన్నర పట్టింది. 44 మందికి తమ పేరున అప్పు ఉన్నట్టే తెలియదు. 8 మంది చనిపోయారు. మిగిలిన 11 మంది నాలుగైదు వేలు చేతిలో పడితే తెలిసే సంతకాలు పెట్టారు. ఈ పదకొండు మందే ఊళ్లో "మా నాయకుడికి అన్యాయం జరిగింది" అని అందరికంటే గట్టిగా అరుస్తూ వచ్చినవాళ్లు. ఇది చూశాక పెద్దాయన ముఖం మాడిపోయింది.

నా సలహా ఇది: 44 మందివీ, చనిపోయిన 8 మందివీ బాకీలు మీరు కట్టేయండి. ఆ పదకొండు మందిని వాళ్ల పాటుకు వాళ్లని వదిలేయండి. అసలు, వడ్డీ కలిపి 50 లక్షల దాకా తేలింది. వడ్డీలో కొంత తగ్గించడానికి బ్యాంకు ఒప్పుకున్నాక 38 లక్షలైంది. ఒంగోలులో ఒక ప్లాటు ఉంది, అమ్మాలి. అల్లుడు ఒప్పుకోలేదు. "సెక్రటరీ తిన్నదానికి మనం కట్టడమేంటి?" అన్నాడు. అతను అడిగిందీ న్యాయమే. చివరికి మాట్లాడింది పెద్దాయన భార్య. అప్పటిదాకా వంటింటి గడప దగ్గర నిలబడి వింటూ ఉంది. "ఆ ప్లాటు మా అమ్మావాళ్లు నాకు పెట్టింది. అమ్మేయండి. నేను పెళ్లిళ్లకీ పేరంటాలకీ పోవడం మానేసి రెండేళ్లయింది" అని లోపలికి వెళ్లిపోయింది.

లాయరు, నేను

ఒంగోలులోని ఆయన లాయరుగారు గట్టిగా అడ్డుపడ్డారు. కోర్టులో క్రిమినల్ కేసు నడుస్తుండగా డబ్బు కడితే నేరం ఒప్పుకున్నట్టు అవతలివాళ్లు వాదిస్తారు. ఏ మాటా రాతపూర్వకంగా ఉండకూడదు, ఎవరింటికీ వెళ్లకూడదు. ఈ పనిలో ఉన్న ప్రతివాళ్లకూ ఈ ఇబ్బంది ఎదురవుతుంది. కోర్టులో మౌనమే మంచిది, ఊళ్లో మౌనంగా ఉంటే తప్పు ఒప్పుకోని పొగరు అనుకుంటారు. లాయరుగారు తప్పు చెప్పలేదు, ఆయన పని ఆయన చేశారు.

మూడుసార్లు కూర్చున్నాం. సర్‌చార్జి ఎలాగూ పడింది కాబట్టి దాని కింద కట్టినట్టు రసీదు తీసుకోవచ్చని ఆయనే దారి చూపించారు. మాటలు మాత్రం నేను రాశాను, ఆయన రెండు పదాలు కొట్టేశారు. మిగిలింది ఇది: "ప్రెసిడెంటుగా సంతకం నాది. మీకు జరిగిన నష్టానికి బాధ్యత నాది. ఇదిగో మీ నో డ్యూస్ కాగితం." ఇందులో "నాకు తెలియదు" అన్న మాట లేదు, "కుట్ర" అన్న మాట లేదు, సెక్రటరీ పేరు లేదు. పెద్దాయన దీన్ని అద్దం ముందు చెప్పి చూసుకున్నారట. రెండో వాక్యం దగ్గర నోరు పెగల్లేదని నాతో అన్నారు.

ఇంటింటికీ వెళ్లేటప్పుడు ఫోటోలు ఉండకూడదని, అనుచరులు రాకూడదని చెప్పాను. ఆయన, గుమస్తా, అవసరమైతే నేను. నా నోట్‌బుక్కులో ఒక్కో ఇంటికి మూడు గళ్లు గీసుకున్నాను. కాగితం తీసుకున్నారా, ఏమన్నారు, మంచినీళ్లు ఇచ్చారా. మన వైపు ఎండనపడి వచ్చినవాడు శత్రువైనా "నీళ్లు తాగుతావా" అని అడుగుతారు. అడగలేదంటే ఆ ఇంటి గాయం ఎంత లోతో తెలిసిపోతుంది. సర్వేలు, రేటింగులు చాలా చూశాను, ఆ మూడో గడిని నమ్మినంతగా దేన్నీ నమ్మలేదు.

ఆ ముసలమ్మ ఇల్లు

2018 అక్టోబరులో కంటి శిబిరంలో నోటీసు పరిచినామె ఇంటికి వెళ్లాం. రేకుల ఇల్లు, ముందు వేపచెట్టు, దాని కింద నులక మంచం. కూర్చోమని చెప్పలేదు. పెద్దాయన నిలబడే మూడు వాక్యాలూ చెప్పారు, రెండో వాక్యం దగ్గర ఒకసారి ఆగి. ఆమె లోపలికి వెళ్లి రేకు పెట్టె తెరిచిన చప్పుడు వినిపించింది. పాత నోటీసు ప్లాస్టిక్ కవరులో పెట్టి తెచ్చింది. ఇంటర్ చదివే మనవడిని పిలిచి రెండు కాగితాల మీదా ఖాతా నంబరు ఒకటేనా చూడమంది. వాడు వేలు పెట్టి అంకె అంకె చదివాడు. ఒకటే.

"సరే నాయనా, బాకీ లేదంటివి. మరి ఆ నాలుగేళ్లు?" అంది.

మాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. బ్యాంకులో అప్పు పుట్టక నాలుగేళ్లు నూటికి మూడు రూపాయల వడ్డీకి బయట తెచ్చింది. కంది వేసిన ఒక ఏడాది వానలు పడలేదు. వడ్డీ కింద రెండు బర్రెలు అమ్మింది. ఇవేవీ 51 నివేదికలో లేవు. నా పన్నెండు పేజీల నోటులోనూ లేవు. సొసైటీ పుస్తకంలో ఉన్న అప్పునే మేము నష్టం అనుకున్నాం. ఆమెకు జరిగిన నష్టం ఆ పుస్తకం బయట ఉంది. పెద్దాయన ఏం చెప్పాలో తెలియక నా వైపు చూశారు. నా దగ్గరా మాట లేదు. నీళ్లు ఇవ్వలేదు. మూడో గడిలో సున్నా రాసుకుని బయటికి వచ్చాను.

కారులో కనిగిరి దాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. కనిగిరి దాటాక ఆయనే అన్నారు, "బర్రెలకు డబ్బిస్తే తీసుకుంటుందా?" తీసుకోదని చెప్పాను. దాని బదులు వచ్చే సీజనుకు ఈ 44 మందినీ బ్యాంకుకు దగ్గరుండి తీసుకెళ్లి కొత్త పంట రుణాలు ఇప్పించండి, ఫీల్డ్ ఆఫీసరు రేపు రమ్మంటే రేపు కూడా వాళ్లతోనే వెళ్లండి అన్నాను. ఆయన ఆ పని నిజంగా చేశారు. బ్యాంకు వరండాలో బల్ల మీద రైతుల పక్కన పాస్‌బుక్కులు పట్టుకుని కూర్చున్న ఆయన్ని చూసి మేనేజరే లోపలికి పిలిస్తే, "నా నంబరు రాలేదు" అన్నారట. ఇది నేను చెప్పించిన మాట కాదు. గుమస్తా చెబితే తెలిసింది.

ఆ ఒక్క ఫోటో

డిసెంబరులో దెబ్బ తగిలింది. ఆయన తమ్ముడి కొడుకు ఒక ఇంటి దగ్గర దొంగతనంగా ఫోటో తీసి, "మాట నిలబెట్టుకున్న నాయకుడు" అని ఫేస్‌బుక్‌లో పెట్టాడు. ఫోటోలో కాగితం అందుకుంటున్న రైతు ముఖం స్పష్టంగా ఉంది. చూసినవాళ్లకు అతను తన అప్పు ఎవరో కడితే చేయిచాచి తీసుకుంటున్నట్టు కనిపించింది. అతని కూతురికి ఆ వారమే సంబంధం చూస్తున్నారు. మర్నాడు అతను నో డ్యూస్ కాగితం తెచ్చి పెద్దాయన అరుగు మీద పెట్టి, మాట్లాడకుండా వెళ్లిపోయాడు.

పోస్టు తీయించాం, అప్పటికే స్క్రీన్‌షాట్లు తిరిగాయి. పెద్దాయన ఒంటరిగా మూడుసార్లు ఆ ఇంటికి వెళ్లారు, మూడోసారి కాగితం తీసుకున్నాడు. మిగతా ఊళ్లలో మూడు వారాలు ఎవరూ తలుపు తీయలేదు. కొత్తగా ఈ పని చేసేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. నాయకుడి పరువు కోసం బాధితుడి పరువు తీయకండి. ఫోన్లు బయటే పెట్టించండి. నేను అనుచరుల్ని ఆపాను, చుట్టాల్ని ఆపాలన్న ఆలోచన రాలేదు.

నేను చేయనన్న పనులు

పాత వార్తలు ఇంటర్నెట్‌లోంచి తీయించమని అల్లుడు రెండుసార్లు అడిగాడు. ఆ వార్తల్లో అబద్ధం ఏదైనా ఉంటే చెప్పు, సవరణ అడుగుదాం అన్నాను. ఏమీ లేదు. రేపు ఏ పెద్ద ఎన్నికకు నామినేషన్ వేసినా అఫిడవిట్‌లో ఈ కేసు రాయాల్సిందే. డబ్బులిచ్చి మంచి వార్త వేయించుకునే అలవాటు మన రాష్ట్రంలో 2009 ఎన్నికల నాటికే ఎంత ముదిరిందో ప్రెస్ కౌన్సిల్ నివేదికలోకి కూడా ఎక్కింది. అప్పుడు నేను పత్రికలోనే ఉన్నాను, ఆ ప్యాకేజీల బేరాలు చెవులారా విన్నాను. మళ్లీ ఆ పని చేయనని అప్పుడే అనుకున్నాను.

చెరిపేసే దారి పనిచేయదని నేను అనను. పనిచేస్తుంది. ఫిలిప్పీన్స్‌లో 1986లో జనం తరిమేసిన నియంత మార్కోస్‌ను 2016లో వీరుల శ్మశానవాటికలో పాతిపెట్టారు, 2022లో ఆయన కొడుకు అధ్యక్షుడయ్యాడు. ఆ పాలన స్వర్ణయుగమని చెప్పే వీడియోలు చూసి పెరిగిన పిల్లలు ఓట్లేశారు. ఆ పాలనలో హింసకు గురై పరిహారానికి అర్హులని ఆ దేశ ప్రభుత్వమే గుర్తించినవాళ్లు 11,103 మంది. ఆ కుటుంబాల ఇళ్లలో ఆ ఎన్నికల రాత్రి ఎలా గడిచి ఉంటుందో నేను ఊహించగలను. నా జాబితాలో ఉన్నది 63 మందే అయినా, రేకు పెట్టెలో నోటీసు దాచుకున్నామె ముందు ఆ పని చేసి తిరగలేను.

ఇప్పటి పరిస్థితి

2019 మార్చిలో నా ఒప్పందం ముగిసింది. అప్పటికి 44 మందిలో 41 మంది కాగితాలు తీసుకున్నారు. మంచినీళ్లు 29 ఇళ్లలో ఇచ్చారు. ముగ్గురు గుమ్మం దగ్గరికి కూడా రానివ్వలేదు, ఆ మూడు కాగితాలూ పోస్టులో పంపాం. ఆ వేసవిలో పెద్దాయన భార్య రెండు పెళ్లిళ్లకు వెళ్లింది. ఒక పెళ్లిపత్రిక ఆ 44 ఇళ్లలో ఒక ఇంటి నుంచి వచ్చింది. దాన్ని నాకు చూపించడానికి బీరువాలోంచి తీసి తెచ్చింది.

ఆయన ఆశించిన పదవి రాలేదు. 2021 ఎంపీటీసీ ఎన్నికల్లో పార్టీ బీ ఫారం ఇంకొకరికి ఇచ్చింది. నేను చేసిన పని పార్టీ లెక్కల్లో ఏ గడిలోకీ రాదు. ఆ పదకొండు మంది ఆయనకు దూరమయ్యారు, ఇప్పుడు వేరే నాయకుడి వెంట తిరుగుతున్నారు. కోర్టు కేసు నడుస్తూనే ఉంది. శిక్ష పడితే ఈ రాసిందంతా వేరే రకంగా చదవాల్సి వస్తుంది, అదీ నాకు తెలుసు.

చనిపోయిన 8 మందిలో ఆరుగురి వారసులకు కాగితాలు చేరాయి. జాబితాలో 38వ పేరుకు ఇద్దరు కొడుకులు. ఒకడు బెంగళూరులో మేస్త్రీ పని, ఇంకొకడు హైదరాబాదులో టిఫిన్ బండి. ఎకరంన్నర దగ్గర అన్నదమ్ములకు తగాదా, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు ఇద్దరూ కలిసి రారు. 51వ పేరుది ఒంటరి కూతురు, అత్తగారి ఊరు మారారు, ఎక్కడున్నారో ఇంకా దొరకలేదు.

పోయిన నెల పెద్దాయన ఫోన్ చేశారు. మొదట రాబోయే ఎన్నికల గురించి, ఎవరెవరు టికెట్ అడుగుతున్నారో చాలాసేపు మాట్లాడారు. ఆ ఆశ పోలేదు, పోవాలని నేనూ అనుకోను. పెట్టేసే ముందు, "ఆ ముప్పై ఎనిమిదో పేరు వాళ్ల పెద్దబ్బాయి దసరాకు వస్తున్నాడంట. నువ్వొకసారి వస్తే ఇద్దర్నీ కూర్చోబెడదాం" అన్నారు. వస్తానన్నాను.